పక్కింట్లో సున్నా ఉంటే అప్పు ఎవరిస్తారు? లెక్కల్లో వెనకబడిన ఆరుగురు పిల్లలతో రెండేళ్లు

తొమ్మిదో తరగతి అమ్మాయి రఫ్ నోటులోని పేజీ ఒకటి నా దగ్గర ఇప్పటికీ ఉంది. 503 లోంచి 278 తీసివేయమని ఇచ్చాను. 375 అని రాసింది. నా ముఖం చూసి రబ్బరుతో చెరిపేసింది. మళ్లీ చేసింది, మళ్లీ 375 వచ్చింది. మూడోసారి చెరిపేసరికి కాగితానికి చిల్లు పడి కింది పేజీ గీతలు కనిపించాయి. ఆ వారం క్లాసులో నేను చెబుతున్న పాఠం బహుపదులు.

నేను పల్నాడు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం స్కూల్ అసిస్టెంట్‌ని. 2023 ఆగస్టు నుంచి 2025 మే వరకు ఆరుగురు పిల్లలకు విడిగా లెక్కలు చెప్పాను. ఇది ఆ పని గురించి రాస్తున్నది. వాళ్లు తొమ్మిదిలో ఉండగా మొదలైంది. పదో తరగతి పరీక్షలతో అయిపోవాల్సింది, ఒకరి విషయంలో ఇంకా అవలేదు. పిల్లల పేర్లు రాయను. క్లాసులో కూర్చునే చోటును బట్టి గోడవార అమ్మాయి, కిటికీ అబ్బాయి, తలుపు దగ్గరి అబ్బాయి అంటాను. మిగతా ముగ్గురి గురించి తక్కువే చెబుతాను. వాళ్లకు జరిగింది ఈ ముగ్గురిలో ఎవరో ఒకరికి జరిగినదానికి దగ్గరగానే ఉంది.

ముందు ఒక మాట. మా వైపు ట్యూషన్ అంటే సాయంత్రం ఎవరింటి వరండాలోనో పాతిక ముప్పైమంది కూర్చుని, పొద్దున బడిలో చెప్పిన పాఠాన్నే ఇంకోసారి చేయడం. ఈ ఆరుగురిలో నలుగురు ఐదో తరగతి నుంచి ట్యూషన్‌కి వెళ్తున్నవాళ్లే. బడిలో అర్థం కాని బహుపదులు వరండాలో మరోసారి అర్థం కాకుండా పోతాయి, అంతే. పిల్ల ఎక్కడ ఆగిపోయిందో వెతికి, అక్కడికి వెనక్కి వెళ్లి, అక్కడి నుంచి నడిపించుకు రావడం వేరే పని. దానికి తెలుగులో విడిగా మాట లేదు గనక నేనూ ట్యూషన్ అనే రాస్తున్నాను.

ఇద్దరిద్దరిని కూర్చోబెట్టాలన్న ఆలోచన షికాగో ప్రభుత్వ పాఠశాలల ప్రయోగం గురించి చదివాక వచ్చింది. అక్కడ తొమ్మిది, పది తరగతుల పిల్లలకు బడి వేళల్లోనే, రోజూ ఒక పీరియడ్, ఒక ట్యూటర్ దగ్గర ఇద్దరు చొప్పున లెక్కలు చెప్పించారు. చెప్పినవాళ్లలో ఎక్కువమంది టీచర్ ట్రైనింగ్ ఉన్నవాళ్లు కూడా కాదు, ఏడాది పాటు ఈ పనికని వచ్చిన డిగ్రీ చదివినవాళ్లు. 2023లో అమెరికన్ ఎకనమిక్ రివ్యూలో వచ్చిన ఫలితాల ప్రకారం లెక్కల స్కోర్లు 0.18 నుంచి 0.40 ప్రామాణిక విచలనాల (మార్కులు సగటుకు ఎంత అటూఇటూగా ఉంటాయో చెప్పే కొలత) దాకా పెరిగాయి, లెక్కలు కాని సబ్జెక్టుల గ్రేడ్లు కూడా మెరుగయ్యాయి. పద్నాలుగు పదిహేనేళ్లు వచ్చాక ఇక లాభం లేదు అనే మాట స్టాఫ్ రూంలో ఎన్నిసార్లు విన్నానో. నేనూ అన్నాను. ఆ వయసు పిల్లల మీదే ఇంత ఫలితం వచ్చిందని చదివాక ఆ మాట అనడం మానేశాను.

రోజూ ఒక పీరియడ్ నాకు కుదరదు. నలభై ఒక్కమంది ఉన్న తొమ్మిదో తరగతితో పాటు ఇంకో మూడు సెక్షన్లు నావే. ఆడపిల్లల జంటకు పొద్దున ప్రార్థనకు ముందు, ఎనిమిదింబావు నుంచి. సాయంత్రం ఆగితే వాళ్లకు ఊరి బస్సు తప్పిపోతుంది. మగపిల్లల జంటలు రెండింటికి బడి వదిలాక నలభై ఐదు నిమిషాలు. ఒక్కో జంటకు వారానికి రెండుసార్లు. మా హెచ్.ఎం. గారు ల్యాబ్ తాళం చెవి నా చేతికిచ్చి, అడిగినవాళ్లందరికీ తనే సమాధానం చెప్పుకున్నారు. అది చిన్న సాయం కాదు.

మొదట ఎవరు ఎక్కడ ఉన్నారో చూడాలి. మూడో తరగతి నుంచి ఏడో తరగతి దాకా ఉన్న అంశాల్లోంచి ఇరవై లెక్కలతో ఒక పేపర్ తయారు చేశాను. తీసివేత, భాగహారం, భిన్నాలు, దశాంశాలు, రుణ సంఖ్యలు, చిన్న సమీకరణం. దాంతో పాటు లెక్కల మీద వాళ్ల అభిప్రాయం తెలుసుకోవడానికి పది వాక్యాల కాగితం ఒకటి. ఫెన్నెమా, షెర్మన్ అనే ఇద్దరు 1976లో చేసిన ప్రశ్నావళి ఈ రంగంలో బాగా తెలిసినది. దాన్ని చూసి మా పిల్లల మాటల్లో రాసుకున్నాను. "లెక్కల పీరియడ్ అంటే నాకు టెన్షన్", "కష్టమైన లెక్క వచ్చినా వదలకుండా చేస్తాను" లాంటివి.

ఆ కాగితం ఎందుకూ పనికి రాలేదు. ఆరుగురూ లెక్కలంటే చాలా ఇష్టమని టిక్కులు పెట్టారు. ఎదురుగా లెక్కల టీచరు నిలబడి అడిగితే ఇంకేం రాస్తారు? నాలుగు రోజులాగి ప్రశ్న మార్చాను. పక్కూరి బడిలో మీ వయసు పిల్లలున్నారు, లెక్కల పీరియడ్‌లో వాళ్లకు ఎలా ఉంటుందో రాయండి అన్నాను. అప్పుడొచ్చాయి నిజాలు. గోడవార అమ్మాయి రాసింది ఇది: "బెల్ కొట్టగానే మంచినీళ్లకు వెళ్లాలి అనిపిస్తుంది. సార్ గానీ టీచర్ గానీ పేరు పిలుస్తారేమో అని చేతులు చల్లబడతాయి. పక్కవాళ్లు తొందరగా రాస్తుంటే మనం కూడా రాస్తున్నట్టు పెన్ను కదపాలి." పెన్ను కదపడం అన్నచోట నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ అమ్మాయి ఎప్పుడూ రాస్తూనే కనిపించేది నాకు.

టిక్కుల కాగితం పక్కన పెట్టేసి వేరే కొలత ఎంచుకున్నాను. పేపర్లో ఎన్ని లెక్కలు ఖాళీగా వదిలారు? తప్పు చేసినవి వేరు, ముట్టుకోనివి వేరు. తప్పు రాసిన పిల్లకు కనీసం పెన్ను పెట్టే ధైర్యం ఉంది. ఈ లెక్కన ఆగస్టులో గోడవార అమ్మాయి ఇరవైలో 13 వదిలేసింది, రాసిన ఏడింటిలో 4 సరైనవి. తలుపు దగ్గరి అబ్బాయి 11 వదిలేశాడు, 5 సరైనవి. కిటికీ అబ్బాయి వదిలింది మూడే, సరైనవి 7.

ఇక గోడవార అమ్మాయి రాసిన ఆ 375 సంగతి. ఎలా చేశావో చెప్పమ్మా అని అడిగాను. మాట బయటికి రావడానికి రెండు రోజులు పట్టింది. "మూడులోంచి ఎనిమిది పోదు కదా టీచర్, అందుకని ఎనిమిదిలోంచి మూడు తీశాను. సున్నాలోంచి ఏడు పోదు, ఏడులోంచి సున్నా తీశాను." అంటే అజాగ్రత్త కాదు. చిన్న అంకెలోంచి పెద్ద అంకె పోదని రెండో తరగతిలో ఎవరో చెప్పిన మాటను ఇన్నేళ్లూ నిష్ఠగా పాటిస్తోంది. పక్కింటి నుంచి అప్పు తెచ్చుకోవాలని చెప్పలేదా అని అడిగాను. చెప్పారంది. "కానీ పక్కింట్లో సున్నా ఉంది టీచర్. వాళ్ల దగ్గరే ఏమీ లేనప్పుడు మనకేం అప్పిస్తారు?"

పదహారేళ్ల సర్వీసులో ఇంత సరైన ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. అప్పు అనే మాట మేం వాడుకగా వాడేస్తాం. అప్పు ఇవ్వడం తీసుకోవడం బాగా తెలిసిన ఇంటి పిల్ల దాన్ని నిజంగానే ఆలోచించింది, ఆలోచించి అక్కడే ఆగిపోయింది.

మర్నాడు నా పర్సులోంచి ఐదు వంద నోట్లు, మూడు రూపాయి బిళ్లలు తీసి బల్ల మీద పెట్టాను. కొట్టువాడికి 278 ఇవ్వాలి, ఎలా ఇస్తావు అన్నాను. "ముందు వంద నోటు చిల్లర మార్చాలి." మార్చింది. పది పది నోట్లు వచ్చాయి. అందులో ఒక పది నోటును మళ్లీ రూపాయిలుగా మార్చింది. బల్ల మీద ఇప్పుడు నాలుగు వందలు, తొమ్మిది పదులు, పదమూడు రూపాయలు. ఇచ్చేసి మిగిలింది లెక్కపెట్టింది: 225. అప్పు అనే మాట మానేసి చిల్లర అనే మాట పెట్టుకున్నాం. వారం పాటు నోట్లతో, తర్వాత కాగితం మీద నోట్ల బొమ్మలతో, ఆ తర్వాత అంకెలతోనే. భాగహారంలోనూ అదే చిల్లర పనికొచ్చింది.

డిసెంబరులో అలాంటి పేపరే ఇంకొకటి ఇచ్చాను. ఆ అమ్మాయి వదిలేసినవి 13 నుంచి 6కు తగ్గాయి. సరైనవి మాత్రం 4 నుంచి 6కే వచ్చాయి. మార్కులే చూసే మనిషికి నాలుగు నెలల శ్రమకు రెండు లెక్కలు. నాకూ ఆ సాయంత్రం నీరసంగానే అనిపించింది. తర్వాత వారం వాళ్లమ్మ బడికి వచ్చింది. "మేడం గారూ, ఇదివరకు లెక్కల పరీక్ష రోజు పొద్దున అన్నం ముట్టేది కాదండి. ఈసారి తిని పోయింది" అంది. సరైనవాటి సంఖ్య ఆ తర్వాత కదిలింది. మార్చిలో వదిలేసినవి రెండే, సరైనవి 13. భయం ముందు తగ్గింది, మూడు నెలల తర్వాత మార్కులు పెరిగాయి. డిసెంబరులో మార్కులు చూసి ఆపేసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

కిటికీ అబ్బాయి విషయం తిరగబడింది. వాడికి భయం లేదు, కోపం ఉంది. వాళ్ల నాన్న మిర్చి పంట గుంటూరు యార్డుకు తీసుకెళ్తాడు, వీడూ సెలవుల్లో వెంట వెళ్తాడు. ఒకరోజు మాటల్లో అడిగాను: క్వింటా పద్నాలుగు వేలు పలికితే 43 కిలోల టిక్కీకి (బస్తాకు) ఎంతొస్తుందిరా? గుక్క తిప్పుకోకుండా "ఆరువేల ఇరవై" అన్నాడు. ఎలా వచ్చిందంటే, నలభైకి యాభై ఆరు వందలు, మూడుకి నాలుగొందల ఇరవై. అదే 43 × 140 అని కాగితం మీద రాసిస్తే 602 అని రాశాడు. టిక్కీకి ఆరొందలు ఇస్తే మీ నాన్న ఊరుకుంటాడా అన్నాను. కాగితం వంక చూసి, "ఇది లెక్క కదా టీచర్" అన్నాడు. వాడి మనసులో అవి రెండూ వేర్వేరు ప్రపంచాలు.

ఇది వాడొక్కడి సంగతి కాదని తర్వాత తెలిసింది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో అమ్మకాలు చేసే పిల్లలను పరీక్షించి 2025లో నేచర్ పత్రికలో రాసింది. బేరాల్లో చిక్కు లెక్కలు నోటితో చేసేసే ఆ పిల్లలు, బడి పద్ధతిలో కాగితం మీద ఇస్తే తడబడ్డారు. బడి పిల్లలకేమో బజారు లెక్కలు రాలేదు. మధ్యలో వంతెన దానంతటదే పడదు, ఎవరో కూర్చుని వేయాలి.

కిటికీ అబ్బాయితో నేను చేసింది అదొక్కటే. వాడు నోటితో చెప్పినదాన్ని వాడి చేతనే కాగితం మీద పెట్టించడం. 40 × 140, 3 × 140, రెండూ కలుపు. దీన్నే విభాగ న్యాయం అంటారని చెబితే నమ్మలేదు, పుస్తకంలో వెతుక్కుని చూశాడు. మూడో వంతుకు నాలుగో వంతు కలిపితే ఏడింట రెండు అని రాసేవాడు. అర టిక్కీ కంటే తక్కువ వస్తుందా ఎక్కువ వస్తుందా అని అడగ్గానే తనే కొట్టేశాడు. ఎక్కువ రోజులు పట్టింది రుణ సంఖ్యలకు. -3 -5 అంటే +8 అని రాస్తాడు, మైనస్ మైనస్ ప్లస్ కదా అంటాడు. గుణకారానికి చెందిన ఆ సూత్రాన్ని కూడికల్లోకి లాక్కొచ్చిన పిల్లలు మా బడిలో సగం మంది ఉంటారు. మూడు వేలు అప్పుండగా ఇంకో ఐదు వేలు తెస్తే, అంటే నవ్వి ఎనిమిది వేల అప్పు అనేవాడు. కాగితం మీదికి వచ్చేసరికి మళ్లీ +8. సంక్రాంతి దాకా ఆ ఒక్కదాని మీదే తంటాలు పడ్డాం.

మార్చిలో వాడికి ఇరవైలో 17 వచ్చాయి. ఆరుగురిలో అందరికంటే ఎక్కువ పెరిగింది వాడే. ఇప్పుడెలా ఉందిరా లెక్కలంటే అని అడిగితే, "ఇష్టం లేదు టీచర్. వస్తాయి, అంతే" అన్నాడు. మొదట చిన్నబుచ్చుకున్నాను. ఇప్పుడు ఆ మాటను గౌరవిస్తున్నాను. కోహెన్, కులిక్‌ అనే పరిశోధకులు 1982లో 65 ట్యూటరింగ్ అధ్యయనాలను ఒకచోట చేర్చి చూసినప్పుడు, సబ్జెక్టు మీద ఇష్టం సంగతి పరిశీలించినవి 8 మాత్రమే. ఆ ఎనిమిదింటిలోనూ ట్యూటరింగ్ పొందిన పిల్లల వైపే మొగ్గు కనిపించింది, అయితే అది మార్కుల్లో వచ్చిన తేడా అంత పెద్దది కాదు. ఇష్టమూ మార్కులూ ఒకే తాడు రెండు కొసలని నేను ఎప్పటి నుంచో అనుకునేదాన్ని. గోడవార అమ్మాయిలో భయం ముందు కదిలింది. కిటికీ అబ్బాయిలో మార్కులు కదిలాయి, ఇష్టం కదల్లేదు. ఏది ముందు కదులుతుందో పిల్లను బట్టి ఉంటుంది, రెండింటినీ విడివిడిగా కనిపెట్టుకుని ఉండాలి.

తలుపు దగ్గరి అబ్బాయి విషయంలో తప్పు నాది. వాణ్ని ఈ ఆరుగురిలోనే బాగా చురుకైన పిల్లవాడితో జత చేశాను, చూసి నేర్చుకుంటాడని. వాడు చెప్పేస్తాడు, వీడు రాసుకుంటాడు. నోట్లో అన్నీ సరైన జవాబులే కనబడేవి. నేను కూడా సంతోషపడ్డాను. నవంబరు ఆఖర్న ఆ రెండోవాడు జ్వరంతో రాని రోజున వీడు నలభై ఐదు నిమిషాలూ కాగితం వంక చూస్తూ కూర్చున్నాడు. అప్పటికి మూడు నెలలు పోయాయి. జత మార్చాను. డిసెంబరు పేపర్లో వదిలేసినవి 11 నుంచి 9కి, సరైనవి 5 నుంచి 7కి వచ్చాయి. పండగ అయ్యాక మిరప కోతలు మొదలయ్యాయి. అమ్మతో కలిసి కోతకు పోతే రోజు గడుస్తుంది. జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో వాడు బడికి వచ్చిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మార్చి పేపర్ రాయనే లేదు.

ఆ జనవరిలోనే ఇంకో సంగతి జరిగింది, దాన్ని నేను సరిగా వాడుకోలేదు. 14 నుంచి 18 ఏళ్ల పిల్లల మీద అసర్ (పిల్లల చదువుల మీద దేశంలో చేసే సర్వే) 2023 నివేదిక అప్పుడే వచ్చింది. స్కేలు మీద వస్తువును సున్నా దగ్గర పెడితే దాదాపు 85 శాతం మంది పొడవు సరిగా చెప్పారు, సున్నా నుంచి జరిపి పెడితే 39 శాతమే చెప్పగలిగారు. మా ఆరుగురితో చేసి చూశాను. పెన్సిల్‌ను 3 దగ్గర మొదలుపెట్టి 10 దగ్గర ఆగేలా పెట్టాను. నలుగురు 10 అన్నారు. తలుపు దగ్గరి అబ్బాయి, బడికి వచ్చిన ఆ కొద్ది రోజుల్లో ఒకరోజు, వెంటనే ఏడు అన్నాడు. ఎలారా అంటే, సెలవుల్లో మేస్త్రీ పని చేసే మామయ్య వెంట పోతుంటాడట. "మామయ్య టేపు మొదట్లో తెగిపోయింది టీచర్. మేం ఎప్పుడూ పది నుంచే కొలుస్తాం." నేను శభాష్ అని ముందుకు వెళ్లిపోయాను. తీసివేతా, రుణ సంఖ్యలూ, సంఖ్యారేఖా అన్నీ ఆ తెగిన టేపులో ఉన్నాయి. కిటికీ అబ్బాయికి టిక్కీ ఎలాగో వీడికి ఆ టేపు అలా కావాల్సింది. నాకు అది తట్టేసరికి వాడు మళ్లీ కోతలకు వెళ్లిపోయాడు.

పదో తరగతిలో పని మారిపోయింది. 2024-25లో పుస్తకం కొత్తది. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉండటం మా పిల్లలకు పెద్ద ఆసరా. తెలుగు పేజీలో అర్థం చేసుకుని ఇంగ్లీషులో రాసేవారు. వారానికి రెండు సిట్టింగ్‌లు డిసెంబరు దాకా నడిచాయి. ఆ తర్వాత స్పెషల్ క్లాసులు, స్లిప్ టెస్టులు, ఇంపార్టెంట్ ప్రశ్నలు. ఆ పద్ధతి మీద నాకు పెద్దగా నమ్మకం లేదు కానీ మార్చి దగ్గర పడుతుంటే నేనూ అదే చేయించాను. ఒక్కటి గమనించాను. పునాది కొంచెం సరిపడ్డ పిల్లలకు ఆ మెటీరియల్ పనికొచ్చింది. సరిపడని పిల్లకు అది పద్యం లాగా బట్టీ పట్టేది ఇంకొకటి.

పబ్లిక్ పరీక్షలో లెక్కలకు కిటికీ అబ్బాయికి 68, గోడవార అమ్మాయికి 47 వచ్చాయి. మిగతా ముగ్గురూ పాసయ్యారు, అందులో ఒకరు గండం గట్టెక్కింది రెండు మార్కులతో. తలుపు దగ్గరి అబ్బాయికి 22. రెండో ఏడాది కూడా మిరప కోతలు వాణ్ని తీసుకుపోయాయి.

ఆరుగురితో చేసినదాన్ని పట్టుకుని అందరికీ ఇలాగే అవుతుందని నేను చెప్పను. ఏ ట్యూషనూ లేకుండా మా క్లాసులో ఇంకొందరు కూడా ఈ రెండేళ్లలో మెరుగయ్యారు. వచ్చే ఏడాదికి మాత్రం మూడు మార్పులు చేస్తున్నాను. ఆగస్టు దాకా ఆగకుండా జూన్‌లో బడి తెరిచిన వారానికే మొదలుపెడతాను, కోతలు వచ్చేలోగా కనీసం ఆరు నెలలు దొరకాలి. చురుకైన పిల్లను వెనకబడిన పిల్లతో జత కట్టను, ఒకే చోట ఆగిపోయిన ఇద్దరిని కలుపుతాను. మొదటి వారం పేపర్ ఇవ్వను. బడి అయ్యాక ఎక్కడికి వెళ్తారు, అక్కడ ఏం కొలుస్తారు, ఏం తూస్తారు, ఎవరికి ఎంతివ్వాలి అని అడిగి రాసుకుంటాను.

ఫలితాలు వచ్చిన నాలుగో రోజు తలుపు దగ్గరి అబ్బాయి మా ఇంటికి వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి, "సప్లిమెంటరీకి చెప్తారా టీచర్" అన్నాడు. ఇప్పుడు పని నుంచి వచ్చి సాయంత్రం ఆరున్నరకు మా వరండాలో కూర్చుంటున్నాడు. మొదటి రోజే తెగిన టేపు తెమ్మన్నాను. మూడు రోజులు దాంతోనే సరిపోయింది.

నిన్న వచ్చేటప్పుడు చేతిలో ఒక కాగితం ఉంది. పేపర్ లెక్క వాడే కట్టుకొచ్చాడు. ఒక మార్కువి పన్నెండు, రెండు మార్కులవి ఎనిమిది. అన్నీ వస్తే 28. నాలుగు మార్కులవి రెండు చేస్తే 36, పాసు 35. బాగుందిరా అన్నాను. తల అడ్డంగా ఊపాడు. "అన్నీ రావు టీచర్. ఓ ఆరు మార్కులు పోతాయి అనుకోండి. అప్పుడు 22. ఇంకా పదమూడు కావాలి. నాలుగు మార్కులవి మూడు చేస్తే పన్నెండే వస్తాయి, ఒకటి తగ్గుద్ది. కాబట్టి నాలుగు నేర్చుకోవాలి." కాగితం నా ముందుకు జరిపి, కింద తను రాసుకొచ్చిన ఆరు పాఠాల పేర్లు చూపించాడు. "వీటిలో నాకు తొందరగా వచ్చే నాలుగు ఏవో చెప్పండి. కాదు, ముందు నేను చెప్తాను, మీరు చూడండి" అన్నాడు.